ఒకే ఫోల్డర్‌లో రెండు భైరవులు

ఇదంతా మా అక్క పంపిన వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. "ఒరేయ్, భైరవికి బోయింగ్ గుర్తులన్నీ మార్చి పంపానా, నువ్వు తిప్పి పంపిన పీడీఎఫ్‌లో పాతవే ఉన్నాయి. మిగతా పాటల్లో అన్నీ నేను మార్చినట్టే వచ్చాయి. భైరవి మీద నీకేంట్రా కోపం?"

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. డల్లాస్‌లో ఉంటుంది, శని ఆదివారాలు పది పన్నెండు మంది పిల్లలకు వయొలిన్ చెబుతుంది. బోయింగ్ గుర్తులంటే కమాను ఎక్కడ ఎటు లాగాలో చెప్పేవి. మా ఇద్దరికీ చెప్పింది రాజమండ్రిలో ఉండే మాస్టారు. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి, ఇప్పటికీ సాయంత్రం అయితే అరుగు నిండా పిల్లలే. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన కదా, ఆ రోజు అక్కడి పిల్లలూ ఇక్కడి పిల్లలూ ఒకే కాగితాలు చూసి వాయించాలని ఆయనకో కోరిక పుట్టింది. మొత్తం పన్నెండు పాఠాలు. రాజమండ్రి పిల్లలు సరిగమలు చదువుతారు. డల్లాస్ పిల్లలకు బళ్లో ఆర్కెస్ట్రా క్లాసు ఉంటుంది కాబట్టి వాళ్ల కళ్లకు అయిదు గీతల స్టాఫ్ నొటేషనే అలవాటు. అందుకని పైన స్టాఫ్, దాని కింద తెలుగులో స్వరాలు, ఇంకా కింద సాహిత్యం. చుట్టాల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా నాకే ఫోన్ వస్తుంది, ఆ లెక్కన ఈ పనీ నాకే వచ్చింది.

దీనికి నేను లిలీపాండ్ వాడాను. 1996లో ఇద్దరు డచ్ వాళ్లు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. మౌస్‌తో స్వరాలు పెట్టే పని ఉండదు. మామూలు టెక్స్ట్ ఫైల్‌లో అక్షరాలతో సంగీతం రాసి నడిపిస్తే అది చక్కగా చెక్కిన అచ్చులాంటి పీడీఎఫ్ ఇస్తుంది. స్వరాల పేర్లు కూడా మనం మార్చకపోతే డచ్ పద్ధతిలోనే ఉంటాయి. ఫ్లాట్ (అర మెట్టు తగ్గించిన) స్వరానికి వెనకాల 'ఈఎస్' తగిలించాలి, ఏ అక్షరానికైతే ఉత్త 'ఎస్' చాలు. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

టెక్స్ట్ ఫైళ్లు కావడంతో ఒక ఫైల్ ఇంకో ఫైల్‌ని పేరు పెట్టి పిలుచుకోవచ్చు. 'ఇన్‌క్లూడ్' అని రాసి పక్కన పేరు ఇస్తే ఆ ఫైల్‌లో ఉన్నదంతా అక్కడికి వచ్చి చేరుతుంది. నేను 'రాగాలు' అని ఒక ఫోల్డర్ పెట్టి ఒక్కో రాగానికి ఒక్కో ఫైల్ రాసుకున్నాను. కీ సిగ్నేచర్ (ఏ స్వరాలు హెచ్చాలో, ఏవి తగ్గాలో గీతల మొదట చెప్పే గుర్తులు), ఆరోహణ, అవరోహణ, ఆ రాగానికి మాస్టారు చెప్పిన బోయింగ్ పద్ధతి, అన్నీ అందులోనే. భైరవిలో పాట ఏదైనా సరే, దాని ఫైల్ మొదట్లో 'భైరవి.ఐఎల్‌వై'ని (చుక్క తర్వాతవి ఇంగ్లీషు అక్షరాలే) పిలుస్తుంది. ఒక చోట మారిస్తే అన్ని చోట్లా మారుతుందని మురిసిపోయాను. పేరు తప్పితే ఏమవుతుందో అప్పటికి ఆలోచించలేదు.

పేర్లు తెలుగులో పెట్టమన్నది మాస్టారే. "ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే దకీ డకీ తేడా ఉండదు, తకీ టకీ ఉండదు. పాట పేరు తెలుగులో ఉండాలయ్యా" అన్నారు. నాకూ అది సబబుగానే అనిపించింది. పైగా మా ఉబుంటు (అంటే లినక్స్) ల్యాప్‌టాప్‌లో తెలుగు పేర్లు చక్కగా కనిపిస్తాయి, లిలీపాండ్ కూడా వాటిని ఏ పేచీ లేకుండా తెరుస్తోంది. ఇంకేం!

అక్క మెసేజ్ విన్నాక ముందు అనుమానించింది అక్కనే. మార్చి, సేవ్ చేయడం మర్చిపోయిందేమో అనుకున్నాను. ఆమె పంపిన జిప్‌ని నేను పాత ఫోల్డర్ మీదే విప్పాను, కాబట్టి పాతవి పోయి కొత్తవి రావాలి. 'రాగాలు' ఫోల్డర్ తెరిచి చూస్తే ఒక ఫైల్ పక్కన ఇంకోటి: 'భైరవి.ఐఎల్‌వై', 'భైరవి.ఐఎల్‌వై'. కొంచెం కింద 'ఆనందభైరవి' కూడా రెండు. మోహనం ఒకటే, కల్యాణి ఒకటే, హంసధ్వని ఒకటే.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండవని మనం కంప్యూటర్ నేర్చుకున్న మొదటి రోజు నుంచీ నమ్ముతూ వచ్చిన మాట. ఒకదాని చివర ఖాళీ ఉందేమో అని రీనేమ్ నొక్కి బాణం మీటతో అక్షరం అక్షరం జరిపి చూశాను. ఖాళీ లేదు, రెండూ అచ్చంగా ఒకటే. తేదీలు మాత్రం వేరు. సరేలే, ఏదో విప్పేటప్పుడు తేడా వచ్చి ఉంటుందని, పాత తేదీ ఉన్నది తీసేశాను. కొత్తది ఉంది, అందులో అక్క గుర్తులు కూడా ఉన్నాయి, పని అయిపోయిందనుకుని లిలీపాండ్ నడిపాను.

ఎర్రర్లు వరద కట్టాయి. 'అన్‌నోన్ ఎస్కేప్డ్ స్ట్రింగ్' అంటూ ఒకటి తర్వాత ఒకటి, ఆ పేరు తెలియదు, ఈ పేరు తెలియదు అని. నేను చివరి ఎర్రర్ దగ్గర మొదలుపెట్టి గంటన్నర పైకి పాకాను. ఇది నా పాత జబ్బు, కిందిది కంటికి ముందు కనిపిస్తుంది కాబట్టి దాన్నే పట్టుకుంటాను. అసలు సంగతి అన్నిటికంటే పై వరుసలో ఉంది: 'క్యానాట్ ఫైండ్ ఫైల్: భైరవి.ఐఎల్‌వై'. ఫైల్ దొరకలేదు కాబట్టే అందులో చెప్పిన పేర్లేవీ తెలియలేదు, మిగతా ఎర్రర్లన్నీ దాని పిల్లలు.

కానీ ఫైల్ ఎదురుగానే ఉంది! డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటోంది. లిలీపాండ్‌కే కనబడటం లేదు.

తెలుగు పేర్ల వల్లే అని ఒక ఫ్రెండ్ వెంటనే తేల్చేశాడు. ఆ మాట నాకు నచ్చలేదు, నచ్చకపోవడానికి కారణం కూడా ఉంది. తెలుగే సమస్య అయితే మోహనం ఎలా తెరుచుకుంటోంది? కాగితం మీద జాబితా వేశాను. పన్నెండు పాఠాల్లో చెడినవి: భైరవి స్వరాలు, ఆనందభైరవి గీతం, కొలువైయున్నాడె. మూడూ భైరవి కుటుంబమే. త్యాగయ్య 'కొలువైయున్నాడె' కట్టింది కూడా భైరవిలోనే కదా. ఒక్క నిమిషం పాటు, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఈ రాగానికేదో పట్టింపు ఉందేమో అనిపించింది. రాత్రి పన్నెండు దాటాక బుద్ధి ఇలాగే పని చేస్తుంది.

రాగం సిద్ధాంతాన్ని కూల్చింది 'డైలీ సాధన' అనే ఫోల్డర్. అందులో భైరవి లేదు, పాడూ లేదు, మాయామాళవగౌళలో సరళీ వరసలు, జంట వరసలు మాత్రమే. అదీ రెండుగా కనిపిస్తోంది. భైరవికీ, డైలీకీ, కొలువైయున్నాడెకీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? భై, డై, వై. ఐత్వం!

అప్పుడు పేర్లను కంటితో చూడటం మానేసి బైట్లుగా, అంటే కంప్యూటర్ దాచుకునే అంకెలుగా, చూశాను. పాత ఫైల్‌ని చెత్తబుట్టలోంచి వెనక్కి తెచ్చి, టెర్మినల్‌లో ఫైళ్ల జాబితాను హెక్స్ చూపించే ఆదేశానికి ఇచ్చాను. పాత 'భైరవి.ఐఎల్‌వై' పేరు 19 బైట్లు, కొత్త 'భైరవి.ఐఎల్‌వై' 22. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా గుణింతపు గుర్తైనా ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. అంటే కొత్త పేరులో ఎక్కడో ఒక గుర్తు ఎక్కువుంది. పాతదాంట్లో భ పక్కన ఐత్వం ఒకే ముక్కగా ఉంది. కొత్తదాంట్లో అదే చోట రెండు ముక్కలున్నాయి: మొదట ఎత్వం, దాని వెనక ఐత్వం కింద తగిలే చిన్న గుర్తు.

మనం పలక మీద రాసేటప్పుడు చేసేదీ అదే కదా, తల మీద ఎత్వం పెట్టి కింద వంకర తగిలిస్తాం. అన్ని భాషల అక్షరాలకూ అంకెలిచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగానూ రాయొచ్చు, రెండూ సమానమే అని అందులోనే చెప్పి ఉంది. తెరమీద అక్షరం ఒకేలా కనిపిస్తుంది. తెలుగు గుర్తుల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. ఒత్వం, ఓత్వం, ఔత్వం విడవు. కన్నడంలో ఇలాంటివి ఐదున్నాయి, వాళ్ల బాధ వినేవాళ్లెవరో. ఈ గొడవ గురించి ఇంగ్లీషులో చదివితే అన్నీ ఫ్రెంచ్ వాళ్ల కొమ్ముల అక్షరాలు, జర్మన్ వాళ్ల చుక్కల అక్షరాల ఉదాహరణలే ఉంటాయి. మన భైరవి గురించి ఎవరూ రాయరు.

మరి ఈ అక్షరాన్ని విడగొట్టింది ఎవరు? అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, నీ మ్యాక్ ఎప్పటిది?"

"బావ పాతది రా. ఆయన కొత్తది కొనుక్కుని ఇది నాకు పడేశారు. అప్‌డేట్ చేయమంటే చేయను, దాంట్లో నా పాత రికార్డింగులున్నాయి. ఏం, దాని మీద పడ్డావా ఇప్పుడు?"

2017కు ముందు మ్యాక్‌లలో ఫైళ్లనూ వాటి పేర్లనూ దాచే వ్యవస్థ పేరు హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్. అది ఏ పేరు ఇచ్చినా విడదీయగలిగినవన్నీ విడదీసి దాచుకుంటుంది. ఒకే పేరు రెండు రూపాల్లో ఉండకుండా చూసుకోవడానికి అది పెట్టుకున్న పద్ధతి. మ్యాక్‌లోనే ఉన్నంత కాలం చిక్కేమీ ఉండదు, అతుక్కున్న పేరు అడిగినా విడిపోయిన పేరు అడిగినా అదే ఫైల్ ఇస్తుంది. అందుకే అక్క దగ్గర అన్నీ నడిచాయి. దాని బదులు 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన పేరును ఇచ్చినట్టే ఉంచుతుంది, వెతికేటప్పుడు మాత్రం రెండు రూపాల్నీ ఒకటిగా చూస్తుంది. లినక్స్‌కు ఇవేవీ పట్టవు. దానికి పేరు అంటే బైట్ల వరస, అంతే. 19 బైట్ల పేరుకీ 22 బైట్ల పేరుకీ ఏ చుట్టరికమూ లేదు. విండోస్ కూడా ఈ రెంటినీ కలపదు.

మొత్తం కథ ఇలా తేలింది. నేను పంపిన జిప్‌ని అక్క మ్యాక్‌లో విప్పగానే ఫైల్ పేర్లలో ఐత్వాలు రెండు ముక్కలయ్యాయి. ఫైళ్ల లోపల ఉన్న రాత మాత్రం ముట్టుకోలేదు, అక్కడ 'ఇన్‌క్లూడ్' పక్కన పాత రూపమే ఉంది. ఆమె తిరిగి జిప్ చేసి పంపితే విడిపోయిన పేర్లే వచ్చాయి. నేను పాత ఫోల్డర్ మీద విప్పాను, లినక్స్ వాటిని వేరే ఫైళ్లనుకుని పక్కన పెట్టింది. లిలీపాండ్ పాత పేరుతో పాత ఫైల్‌నే తెరిచింది, ఎర్రర్ కూడా ఇవ్వలేదు. అసలు భయపెట్టింది ఇదే. ఎర్రర్ వస్తే వెతుక్కుంటాం. చప్పుడు లేకుండా పాతది తెరిస్తే, అక్క కళ్లు చురుకు కాబట్టి దొరికింది గానీ, ఆరాధన రోజు రాజమండ్రి పిల్లలు ఒక బోయింగ్, డల్లాస్ పిల్లలు ఒక బోయింగ్ వాయించేవాళ్లు.

సరిచేయడం మాత్రం పది నిమిషాల పని. లినక్స్‌లో 'కన్వ్‌ఎమ్‌వీ' అని చిన్న పనిముట్టు ఉంది. ఫోల్డర్ మొత్తం తిరిగి విడిపోయిన పేర్లను అతికిస్తుంది. ముందు ఏమేం మారుస్తుందో చూపిస్తుంది, మనం 'నోటెస్ట్' అని చెబితేనే నిజంగా మారుస్తుంది. ఆ చూపించే అలవాటు నాకు బాగా నచ్చింది.

ఈ ఊపులోనే ఇంకో దొంగను కూడా పట్టుకున్నాను. 'వయొలిన్‌లు' అనే ఫైల్. నకార పొల్లు కింద లకారం వత్తుగా చేరిపోకుండా మధ్యలో కనిపించని గుర్తొకటి టైప్ చేస్తాం కదా, అది ఇన్‌క్లూడ్‌లో ఉంది, ఫైల్ పేరులో లేదు. కీబోర్డ్ ఒక్కోసారి పెడుతుంది, ఒక్కోసారి పెట్టదు. ఆ పేరును 'వయొలిన్' అని ఏకవచనం చేసి ఊరుకున్నాను.

ఇక విండోస్ వైపు. మాస్టారి మనవడు ఇంటర్ రెండో సంవత్సరం, తాతగారి కోసం కాగితాలు ప్రింట్ తీసేది వాడే. వాడిది విండోస్ 10 ల్యాప్‌టాప్. ఒకరోజు పొద్దున్నే ఫోన్: "అన్నయ్యా, ల్యాప్‌టాప్‌కి వైరస్ పట్టినట్టుంది. నువ్వు పంపిన దాంట్లో ఒక ఫైల్‌ని ఎంత చేసినా రానివ్వట్లేదు. అదే పేరుతో నేను కొత్తది చేద్దామన్నా వద్దంటోంది."

ఆ ఫైల్ వెనక కూడా అక్క హస్తమే ఉంది, సగం నాది. ఘటం, మోర్సింగ్ వరసలకు అక్క ఒక ఫైల్ చేసి 'ఘటం/మోర్సింగ్' అని పేరు పెట్టింది. మ్యాక్‌లో ఫోల్డర్లు చూపించే ఫైండర్ పేరులో ఏటవాలు గీతను ఒప్పుకుంటుంది, లోపలి ప్రోగ్రాములకు మాత్రం దాన్ని కోలన్‌గా అందిస్తుంది. నా దగ్గరికి అది 'ఘటం:మోర్సింగ్' అని వచ్చింది. లినక్స్‌కు కోలన్ అభ్యంతరం లేదు గానీ విండోస్ ఒప్పుకోదని నాకు తెలుసు. అందుకని "ఇలాంటి గుర్తులు పెట్టకక్కా, పొట్టిగా ఏదైనా ఇంగ్లీషు పేరు పెట్టు" అన్నాను. అమెరికా బళ్లలో బ్యాండు వాళ్లు తక్కిన తాళవాద్యాలను 'ఆక్స్ పర్కషన్' అంటారట. పొట్టిగా, చిన్న అక్షరాల్లో, ఏ గుర్తూ లేకుండా 'ఆక్స్' అని పెట్టింది. ఏ, యూ, ఎక్స్. నేను చెప్పిన నియమాలన్నీ పాటించిన పేరు.

విండోస్‌లో అసలు కుదరని పేర్లు కొన్ని ఉన్నాయి: కాన్, పీఆర్‌ఎన్, ఆక్స్, నల్, కామ్1 నుంచి కామ్9, ఎల్‌పీటీ1 నుంచి ఎల్‌పీటీ9. విండోస్‌కు ముందున్న డాస్ కాలం నాటి సంగతి. 1981లో వచ్చిన మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు, అవి 1983లో రెండో వెర్షన్‌తో వచ్చాయి. ఫోల్డర్లు లేని రోజుల్లో ప్రింటరూ, కీబోర్డూ, సీరియల్ పోర్టూ (వేరే పరికరాల తీగ తగిలించే చోటు) కూడా ఫైల్ పేర్లలాగే పిలిపించుకునేవి. ఆక్స్ అంటే సీరియల్ పోర్టు. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని ఆ పేర్లను అలాగే కాపాడుతూ వచ్చారు. వెనకాల చుక్క పెట్టి ఏ ఎక్స్‌టెన్షన్ తగిలించినా వాడి విండోస్ 10 ఒప్పుకోలేదు. మా ఘటం వరస కాస్తా సీరియల్ పోర్టు అయి కూర్చుంది.

ఇది మనవడికి చెబితే వాడు పడీపడీ నవ్వి, "అయితే తాతయ్య అటకమీది ప్రింటర్‌కి ఘటం వాయించమని పంపుదామా" అన్నాడు.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. త్యాగరాజు కల్యాణి కృతి 'నిధి చాల సుఖమా' అని అడుగుతోంది కాబట్టి నేను వ్యాకరణం చూసుకుని చివర ప్రశ్నార్థకం పెట్టాను. లినక్స్‌లో పేరులో పనికిరానివి రెండే, ఏటవాలు గీత, సున్నా బైటు. విండోస్‌లో ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు, కోలన్, డబుల్ కోట్, నిలువు గీత, రెండు రకాల ఏటవాలు గీతలు, చిన్నది పెద్దది గుర్తులు, అన్నీ నిషిద్ధం. మనవడు వాడిన జిప్ విప్పే ప్రోగ్రాం ప్రశ్నార్థకం తీసేసి అడుగు గీత పెట్టింది. ఫైల్ వచ్చింది, దాన్ని పిలిచే చోట మాత్రం ప్రశ్నార్థకం అలాగే ఉంది. మళ్లీ 'క్యానాట్ ఫైండ్ ఫైల్'.

అటు నుంచి ఇటు కూడా ఒక దెబ్బ తగిలింది. మాస్టారు ఫోన్‌లో చెప్పిన మార్పులు మనవడే ఎక్కించి పంపాడు. ఫైల్ పేరు చూడండి: 'తాతయ్య ఆదివారం సాయంత్రం చెప్పిన మార్పులన్నీ చేసిన కొలువైయున్నాడె పల్లవికి కొత్తది ఇదే వాడండి'. ఉబుంటులో విప్పబోతే 'ఫైల్ నేమ్ టూ లాంగ్'. విండోస్ పేరును అక్షరాలు, గుణింతపు గుర్తులు ఒక్కోటిగా లెక్కపెడుతుంది, 255 దాకా ఒప్పుకుంటుంది. ఆ లెక్కలో వాడి పేరు ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 95 మాత్రమే. లినక్స్‌లో కూడా హద్దు 255యే, కాకపోతే బైట్లలో. అక్కడ అదే పేరు 259. నాలుగంటే నాలుగు బైట్లు ఎక్కువ. తెలుగులో 'శ్రీ' అని ఒక్క అక్షరం రాస్తే శకారం, పొల్లు, రకారం, ఈత్వం కలిపి 12 బైట్లు. మొత్తం మీద 85 గుర్తులతో లినక్స్ పేరు నిండిపోతుంది. "పేరు కొంచెం చిన్నది పెట్టరా" అంటే, "చిన్నది పెడితే ఏది కొత్తదో తాతయ్యకి తెలియట్లేదన్నయ్యా" అన్నాడు. వాడిదీ న్యాయమే.

ఆ రాత్రి కూర్చుని పేర్లన్నీ మార్చేశాను. మనసొప్పలేదు, అయినా మార్చాను. లిలీపాండ్ చదివే ప్రతి ఫైల్ పేరూ ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, అడుగు గీత, అంతే. ముందు రెండంకెల వరస సంఖ్య. అక్క 'కామన్' ఫైల్‌ని ఒక చోట పెద్ద సీతో, ఒక చోట చిన్న సీతో రాసుకుంది, ఆమె మ్యాక్‌కూ విండోస్‌కూ రెండూ ఒకటే గానీ లినక్స్‌కు కాదు, అది కూడా సర్దాను. తెలుగులో ఈ పెద్దక్షరం చిన్నక్షరం రోత లేదు, ఆ ఒక్క విషయంలో మన లిపి నయం. పాట పేరు, రాగం, తాళం తెలుగులో ఫైల్ లోపల హెడర్‌లో రాశాను. అక్కడ ఎన్ని ఐత్వాలున్నా, ఎన్ని ప్రశ్నార్థకాలున్నా చిక్కు లేదు.

తయారైన పీడీఎఫ్‌లకు మాత్రం చివర్లో ఒక చిన్న స్క్రిప్ట్‌తో తెలుగు పేర్లే పెట్టాను. పీడీఎఫ్‌ని పేరు పెట్టి పిలిచేది మాస్టారు. ఐత్వం అతికి ఉందో విడిపోయి ఉందో ఆయన కంటికి అక్కర్లేదు.

పేర్లు మార్చిన మర్నాడే మనవడి దగ్గర కొత్త ఎర్రర్. వాడు ఒక ఇన్‌క్లూడ్ సొంతంగా రాశాడు, విండోస్ అలవాటు ప్రకారం వెనక్కి వాలిన గీతతో. ఫోల్డర్ పేరు ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో త్యాగరాజ, అంటే మొదటి అక్షరం టీ. లిలీపాండ్‌లో కోట్స్ మధ్య వెనక్కి వాలిన గీత, దాని పక్కన టీ వస్తే అది ట్యాబ్, అంటే పెద్ద ఖాళీ, అని అర్థం. ఫోల్డర్ పేరు కాస్తా ట్యాబూ, 'యాగరాజ' అయ్యింది. విండోస్‌లో కూడా ముందుకు వాలిన గీతే రాయాలని లిలీపాండ్ వాళ్లు మొదటినుంచీ చెబుతున్నారు. తెలుగు పేరున్నంత కాలం ఇదైనా ఇలా రాలేదు కదా అని నవ్వొచ్చింది.

మూడు కంప్యూటర్లలో పన్నెండు పీడీఎఫ్‌లూ ఒక్క ఎర్రర్ లేకుండా వచ్చిన రోజు మాస్టారికి పంపి, సాయంత్రం ఫోన్ చేశాను. మనవడు పెద్ద స్క్రీన్ మీద పెట్టి చూపించాడట.

"బాగున్నాయయ్యా. అక్షరం స్పష్టంగా ఉంది. ఆ భైరవి సంగతేంటి?"

"దాంతోనే నాలుగు రాత్రులు పోయాయి మాస్టారూ. ఇప్పుడు సరిగ్గా వచ్చింది. పేరులో ఐత్వం రెండు రకాలుగా ఉంటే..."

"పేరు కాదు నాయనా. ఆరోహణ చూడు. ప తర్వాత ఏం వేశావు?"

ఫైల్ తెరిచాను. కింద తెలుగు స్వరాల్లో 'ద' ఉంది, సరిగ్గానే ఉంది. పైన స్టాఫ్ మీద కూడా ద చోటే.

"ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం. కాగితం మీద రెంటికీ ద అనే రాస్తాం. మన పిల్లలకైతే చేతికి తెలుసు. ఆ అయిదు గీతలు చూసి వాయించే పిల్లలకి ఎవరు చెబుతారు? నువ్వు రెండు చోట్లా దిగే ధైవతమే వేశావు."

షడ్జమం సీ అనుకుంటే శుద్ధ ధైవతం ఏ ఫ్లాట్, చతుశ్రుతి ధైవతం ఉత్త ఏ. నేను మొదటి రోజు నుంచీ ఆరోహణలో కూడా ఏ పక్కన ఎస్ పెట్టే ఉంచాను. 19 బైట్ల భైరవిలోనూ అదే ఉంది, 22 బైట్ల భైరవిలోనూ అదే ఉంది. అక్క బోయింగులే చూసింది, నేను పేర్లే చూశాను.

ఫోన్ పెట్టేయకుండానే ఆ ఒక్క ఎస్ తీసేసి మళ్లీ నడిపాను. "వచ్చిందా?" అని అటు నుంచి మాస్టారు, "వచ్చింది తాతయ్యా" అని పక్కనుంచి మనవడు.